మేడమ్ ఇంట్లో ఇంకొకావిడ

తొమ్మిదో తరగతి పిల్లలకి భుజం కీలు గురించి చెప్తుండగా ఫోన్ మోగింది. క్లాసులో నేను ఫోన్ ఎత్తను. కానీ ఆ నంబరు బచేలీలో మా మేడమ్ పక్కింటావిడది, ఆవిడ ఊసుపోక ఫోన్ చేసే మనిషి కాదు. వరండాలోకి వెళ్లి ఎత్తాను. "మేడమ్ పోయారమ్మా," అంది. ఆవిడే గొంతు తగ్గించి, "మరి లోపలి గదిలో ఇంకొకావిడ ఉంది కదా, ఆవిణ్ణి ఏం చెయ్యాలి?" అని అడిగింది.

చదువుతున్నవాళ్లు కంగారు పడకండి. ఆ ఇంకొకావిడ ఒక అస్థిపంజరం. ప్లాస్టిక్‌ది కాదు, అచ్చంగా మనిషి ఎముకలే. మా స్కూలు ల్యాబులో ఏళ్ల తరబడి కొక్కేనికి వేలాడి, చివరికి మేడమ్ ఇంటికి చేరింది. మేడమ్ నాకు బయాలజీ చెప్పిన టీచరు. ఇవాళ అదే స్కూల్లో, అదే సబ్జెక్టు నేను చెప్తున్నాను. మేడమ్‌ని తలుచుకుని నాలుగు మాటలు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ ఈవిడ కూడా వచ్చి పక్కన నిలబడుతోంది. సరే, నిలబడనీ అనుకున్నాను.

మా నాన్నలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఇక్కడ దంతెవాడ కొండల్లో ఇనుప గనుల్లో పనికొచ్చినవాళ్లు. మాకు ఇంట్లో తెలుగు, స్కూల్లో హిందీ, సంతలో హల్బీ. మేడమ్‌దీ విజయనగరమే. ఒంటరి మనిషి. పొట్టిగా ఉండేవారు, గంజి పెట్టిన నూలు చీర కట్టేవారు, కోపం ముక్కు మీదే ఉండేది. చూసి రాసిన జవాబు దొరికితే కాగితం చింపేవారు కాదు, వెనక్కిచ్చి, "ఇది నీకు కనపడిందా, పక్కదానికి కనపడిందా?" అని అడిగేవారు. "కనపడింది చెప్పు. కనపడకపోతే కనపడలేదని చెప్పు. దానికి సిగ్గేటే?" అనేవారు. ఆ మాట నాకు తరవాత ఎంత కష్టం తెచ్చిపెట్టిందో చెప్తాను.

ఎముకలు, కీళ్లు, కండరాలు ఆవిడకి ప్రాణం. పాఠం మొదలుపెట్టే ముందు ల్యాబు మూలకి వెళ్లి, ఆ అస్థిపంజరం చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, కాస్త చెయ్యిస్తావా?" అని అడిగేవారు. మేం కిసుక్కున నవ్వేవాళ్లం. ఆవిడ నవ్వేవారు కాదు. ఎడమచేత్తో మా కుడి జబ్బ మేమే పట్టుకుని, కుడిచేత్తో టిఫిన్ డబ్బా ఎత్తమనేవారు. ముందువైపు కండ గట్టిపడేది, వెనకవైపుది మెత్తబడేది. అదే చేత్తో బల్లని కిందికి నొక్కమనేవారు. ఇప్పుడు వెనకది గట్టిపడేది, ముందుది మెత్తబడేది. "చూశారా? కండరానికి లాగడమే వచ్చు, తొయ్యడం రాదు. ఎముక తనంతట తాను కదల్లేదు. కీలు ఎటు తిరగొచ్చో చెప్తుంది గానీ తిప్పదు. తిప్పేవి ఈ రెండే. ఒకటి లాగితే రెండోది వదలాలి. రెండూ పంతానికి పోతే చెయ్యి కొయ్యబారిపోతుంది. మీ ఇళ్లల్లో అమ్మానాన్నలూ అంతే!"

రోజూ మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగ్ జరిగేది. కిటికీ అద్దాలు గలగలలాడేవి, బల్లల మీద పెన్నులు దొర్లేవి. అంతా సద్దుమణిగాక మూల నుంచి ఒకే ఒక్క చప్పుడు వచ్చేది. టక్. ఆ అస్థిపంజరం మోకాలి దగ్గర తీగ వదులై, ఎముకకి ఎముక తగిలేది. కారణం తెలుసు మాకు. తెలిస్తే మాత్రం? ఒకరికొకరం దగ్గరికి జరిగేవాళ్లం. "గొంతుక్కూర్చున్న మనిషి లేచేటప్పుడు మోకాలు అలాగే అంటుందర్రా," అని మేడమ్ మెల్లిగా అనేవారు. ఆ మాటతో భయం తగ్గకపోగా పెరిగేది.

తొమ్మిదో తరగతిలో నా బెంచీలో బుద్రి కూర్చునేది. కొంటా అవతల, భేజ్జి వైపు అడవిలో ఊరు వాళ్లది, దోర్లా తెగవాళ్లు. మేనమామ గనిలో హెల్పరు, ఆయన ఇంట్లో ఉండి చదువుకునేది. దాని తెలుగు విని మేం నవ్వేవాళ్లం, మా తెలుగు విని అది నవ్వేది. చీలమండ పాఠం రోజు మేడమ్ మా అందర్నీ గొంతుక్కూర్చోమన్నారు. క్వార్టర్లలో పెరిగిన మా మడమలన్నీ గాల్లో లేచాయి, ఒకరి మీద ఒకరం పడ్డాం. బుద్రి మాత్రం మడమలు నేలకి ఆనించి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, హాయిగా కూర్చుంది. మేడమ్ దాని కాలి దగ్గర వంగి చూశారు. తరవాత లేచి వెళ్లి ఆ అస్థిపంజరం కాలు చేతిలోకి తీసుకున్నారు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇటు రండి," అన్నారు చివరికి. పిక్క ఎముక కింది అంచున, చీలమండ ఎముక పైన, రెండూ ఒరుసుకునే చోట చిన్న నున్నటి పల్లం ఉంది. "ఎముకంటే రాయి కాదు. మనం ఎలా కూర్చుంటే అలా అరుగుతుంది. ఎలా మోస్తే అలా మందమవుతుంది. ఈమె రోజూ గొంతుక్కూర్చుని పని చేసిన మనిషి." ఆడమనిషి అని అప్పటికే తెలుసు మాకు, కటి ఎముక వెడల్పు చూపించి చెప్పారు. బుద్రి ఆ పల్లంలో వేలు పెట్టి, "మా అమ్మ గిట్లనే కూసుంటది, ఇప్ప పువ్వు ఏరేటప్పుడు," అంది. ఎవరూ నవ్వలేదు. అంతవరకూ మూలనున్న బొమ్మ, ఆ నిమిషం నుంచి ఎవరింటి నుంచో తప్పిపోయి వచ్చిన మనిషైంది.

ఆ మర్నాడు బుద్రి కాగితం పొట్లంలో ఇప్ప పువ్వు తెచ్చి ఆమె పాదాల దగ్గర పెట్టింది. "మట్టిల పెట్టలే, రాయి నిలబెట్టలే. ఈమె యాడికి పోతది మేడమ్? గీడనే తిరుగుతది," అంది. వాళ్లలో పోయినవాళ్లకి రాయి నిలబెడతారు. రాయి లేని మనిషికి నిలకడ ఉండదంటారు. మూఢనమ్మకమని మేడమ్ కసురుతారనుకున్నాను. ఆవిడ పొట్లం తీసెయ్యలేదు. "నేను చూస్తాలే," అన్నారు. అప్పట్నుంచి క్లాసు అయ్యాక తన పాత చీర ఒకటి తెచ్చి ఆమెకి కప్పేవారు. ప్రిన్సిపాల్‌ని అడిగితే, స్కూలు సామాను పాతిపెట్టడమేంటమ్మా అని నవ్వాడట. ఆ "చూస్తాలే" అన్న మాటే ఆవిణ్ణి బతికినన్నాళ్లూ పట్టి పీడించింది.

మేడమ్ రిటైరయ్యారు. నేను టీచరునై ఆ ల్యాబులోకే వచ్చాను. ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి కొన్నారు, తెల్లగా, పళ్లన్నీ బయటపెట్టుకుని. పాత సామాను ఏదైనా సరే, కమిటీ వేసి, పనికిరాదని రాసి కండెమ్ చెయ్యడం మా దగ్గర పద్ధతి. కండెమ్ అయిందంటే కబాడీకి, అంటే పాత ఇనుము కొనేవాడికి పోవాల్సిందే. విరిగిన బెంచీలు, తుప్పు స్టూళ్లు, ఆఫ్రికా ఊడిపోయిన గ్లోబు, వాటితోపాటు ఈమెని కూడా కండెమ్ చేసి, స్కూలు వెనక కుప్పలో నిలబెట్టేశారు. కమిటీలో ముగ్గురూ చదువుకున్నవాళ్లే. స్టాండు ఇనుపది కాబట్టి ఇనుము కింద లెక్కేశారంతే. నాకు తెలిసేసరికి కబాడీ బండి గేటు దగ్గరికి వచ్చేసింది. మేడమ్‌కి ఫోన్ చేశాను.

ఆవిడ ఆటోలో వచ్చారు. అప్పటికే వణుకుడు జబ్బు మొదలైంది, కాళ్లు ఈడుస్తూ వచ్చి ఒక విరిగిన కుర్చీలో, కుప్ప ముందు కూర్చున్నారు. కబాడీవాణ్ణి పిలిచి, "యే లోహా హై క్యా?" ఇది ఇనుమేనా అని అడిగారు. "నహీఁ మేడమ్‌జీ, హడ్డీ హై," అన్నాడు వాడు, పాపం ఆ ఎముకలకి దూరంగానే నిలబడి. "తో హాథ్ మత్ లగావ్!" అయితే చెయ్యి వెయ్యకు అని గద్దించారు. వాడికి అంతకంటే ఏం కావాలి, బెంచీలేసుకుని చక్కా పోయాడు. కొత్త ప్రిన్సిపాల్ వచ్చి, అంత ఇష్టమైతే మీరే ఇంటికి తీసుకెళ్లండి మేడమ్ అన్నాడు, నవ్వులాటకి. ఆవిడ నిజంగానే తీసుకెళ్లారు, స్కూలు ముద్రతో కాగితం రాయించుకుని మరీ. ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని, తల మీదుగా చీర కప్పి. బచేలీ బజారులో జనం కొత్తకోడలనుకుని తొంగిచూశారట. ఆ సంగతి చెప్పి పడీపడీ నవ్వేవారు.

తరవాత మాత్రం నవ్వు రాలేదు. ఆమెని ఎక్కడ పెట్టాలి? మా టౌన్‌షిప్ పంతులు గారు పేరు, గోత్రం అడిగారు. దగ్గర ఊళ్లో పెద్దమనిషి దగ్గరికి వెళ్తే, ఏ ఇంటి మనిషి, ఏ గట్టు, అంటే ఏ వంశం మనిషి అని అడిగాడు. "మా పెద్దోళ్ల రాళ్ల పక్కన పరాయి రాయి పెడితే వాళ్లు ఊకుంటరా తల్లీ?" అన్నాడు. తప్పు పట్టడానికేం లేదు. "చచ్చిపోయాక కూడా ఇంటిపేరు కావాలే," అని నిట్టూర్చారు మేడమ్. అలా ఆమె లోపలి గదిలో ఉండిపోయింది. పక్కింటావిడ సాయంత్రమైతే ఆ వైపు కిటికీ వేసేసుకునేది. నేను వెళ్లినప్పుడల్లా మేడమ్‌తో మాట్లాడుతూనే చెవి లోపలి గది వైపు వేసి ఉంచేదాన్ని. బ్లాస్టింగ్ అక్కడికీ వినపడేది. ఆ తరవాత టక్.

జబ్బు ముదిరాక కూడా మేడమ్ పాఠం మానలేదు. "నా మోచెయ్యి వంచి చూడు," అన్నారోసారి. వంచాను. సాఫీగా వంగలేదు, పళ్లచక్రం తిప్పినట్టు ఆగి ఆగి వంగింది. "రెండు పక్కలా లాగుతున్నాయే. ముందుదీ వదలట్లేదు, వెనకదీ వదలట్లేదు. మీకు చెప్పిన పాఠం నా ఒంటికి మాత్రం ఎక్కలేదు," అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ విసుక్కున్నారు. తరవాత లోపలి గది వైపు చూస్తూ, "నాకంటే ముందు ఆమె వెళ్లాలే. నేను ముందు పోతే ఆమెని నేను చూసినట్టు ఎవరు చూస్తారు?" అన్నారు. నేను చూస్తాను మేడమ్ అన్నాను. ఎలా చూస్తానో నాకూ తెలియదు.

ఆవిడే ముందు పోయారు. నేను వెళ్లేసరికి పక్కింటావిడ స్నానం చేయించి పడుకోబెట్టింది. "ఎన్నాళ్లనుంచో బిగుసుకుపోయిన వేళ్లమ్మా, నీళ్లు పోస్తుంటే ఇట్టే విచ్చుకున్నాయి," అని చెప్పి ఏడ్చింది. ప్రాణం పోగానే కాసేపు కండరాలన్నీ వదులవుతాయి, ఆ తరవాతే బిగుస్తాయి. నాకు తెలిసిన విషయమే, నేను క్లాసులో చెప్పే విషయమే. అయినా ఆ చెయ్యి పట్టుకుని, వదిలేశారా మేడమ్, వదిలేశారా అని పిచ్చిదానిలా అడిగాను.

విజయనగరం నుంచి తమ్ముడు వచ్చి దహనం చేశారు. మంచాయన. కానీ లోపలి గది తలుపు తీసి, ఒక్క అంగలో బయటికొచ్చేశారు. "రేపు ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యాలమ్మా. ఆవిణ్ణి రైలెక్కించి తీసుకుపోలేను కదా. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెయ్యండి, లేదంటే నేను పోలీసులకి అప్పజెప్పేస్తాను," అన్నారు. ఆయన్ని ఏమనగలను?

నేను ముందే చేసిన కబురందుకుని, మధ్యాహ్నానికి బుద్రి వచ్చింది, వాళ్లమ్మని వెంటబెట్టుకుని. బుద్రి ఇప్పుడు కొంటా వైపు ఆసుపత్రిలో నర్సు. వాళ్లమ్మ చేతిలో వెదురు గంప ఉంది. మేడమ్ ఫొటోకి దణ్ణం పెట్టి, తిన్నగా లోపలి గదిలోకి వెళ్లి, ఆమె ముందు గొంతుక్కూర్చుంది. మడమలు నేలకి ఆనించి. చీర కుచ్చెళ్లు జరిపి ఆమె కాలి ఎముక తడిమింది. బుద్రి నన్ను వరండాలోకి లాగి గబగబా చెప్పింది. వాళ్లమ్మకి అక్క ఉండేదట. మేం పదో తరగతిలో ఉన్నప్పుడు మిరపకాయలు ఏరడానికి ఖమ్మం వైపు కూలికి పోయింది, మళ్లీ రాలేదు. మనిషి దొరకలేదు కాబట్టి మట్టి చెయ్యలేదు, రాయి నిలబెట్టలేదు. ఆమె కోసం జాగా మాత్రం అలాగే వదిలేసి ఉంచారట.

"అమ్మ నిన్ను అడుగుతది," అంది బుద్రి నా చెయ్యి గట్టిగా పట్టుకుని. "అవునని చెప్పు. నీకు దండం పెడతా. ముసల్ది ఏండ్లసంది నిద్రపోతలేదు."

ముసలమ్మ అడగనే అడిగింది. "టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. నిజం చెప్పు. గీమె మా అక్కేనా?"

అవునంటే చాలు. ఆ తల్లికి నిద్ర, ఈమెకి జాగా, నాకు మేడమ్‌కిచ్చిన మాట తీరడం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. కాదంటే సాయంత్రానికి పోలీసుల గదిలో ఏ మూలకో పోతుంది. బుద్రి కళ్లతోనే బతిమాలుతోంది. నా ఎదురుగా మేడమ్ ఖాళీ మంచం. కనపడింది చెప్పు. ఎంత తిట్టుకున్నానో ఆవిణ్ణి, ఆ క్షణాన!

"కాదమ్మా," అన్నాను. "మీ అక్క కూలికి పోకముందే ఈమె మా స్కూల్లో ఉంది. మీ బుద్రీ నేనూ కలిసి చూశాం. ఈమె ఎవరో మాకు తెలియదు."

బుద్రి తల పక్కకి తిప్పుకుంది. ముసలమ్మ చాలాసేపు ఆ కాలు పట్టుకునే ఉంది. బయట ఎవరిదో కుక్కర్ కూత పెట్టింది.

"కాకపోతే ఏందిలే," అంది తరవాత. "మాకు పేరున్నది, మనిషి లేదు. ఈమె మనిషున్నది, పేరు లేదు. మా అక్క యాడ పడిపోయిందో, ఎవలో ఒకలు మట్టి చేసే ఉంటరు గదా. వాళ్ల అక్కను మేం చేస్తం." గంప ముందుకి జరిపింది. "ఎత్తుండ్రి."

"మీ పెద్దోళ్లు ఒప్పుకుంటారా?" అని అడిగాను.

"జాగ మా అక్కది. నేనే అడుగుతా మా అక్కను," అంది.

కొక్కెం నుంచి దించి గంపలో పెట్టబోతే కాళ్లు పట్టలేదు. తొడలు పొట్టకేసి మడిచాం, మోకాళ్లు వంచాం. ఒక్కో కీలూ తను వంగాల్సిన వైపుకే వంగింది. ఎవరూ అనుకోలేదు గానీ, గంపలో ఆమె గొంతుక్కూర్చుంది. మేడమ్ చీర కప్పాం. తమ్ముడుగారు దూరం నుంచి చేతులు జోడించారు.

దంతెవాడ మీదుగా సుక్మా, అక్కణ్నుంచి కొంటా వైపు జీపు. గంప ముసలమ్మ ఒళ్లోనే ఉంది. భేజ్జి దారిలో పోలీసు క్యాంపు దగ్గర ఆపారు. కుర్ర జవాను చీర కొస ఎత్తి, చటుక్కున వదిలేశాడు. "యే క్యా హై?" అన్నాడు, ఒక అడుగు వెనక్కేసి. నేను స్కూలు ముద్ర కాగితం తీస్తున్నాను. నాకంటే ముందు ముసలమ్మే జవాబిచ్చింది, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో. "మేరీ దీదీ. ఘర్ జానా హై."

అక్కని ఇంటికి చేర్చాల్సిన ఆ కాగితం అతను చూశాడు, పెద్ద అధికారిని పిలిచాడు, ఆయనా చదివాడు, స్కూలుకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. చివరికి దారికడ్డంగా ఉన్న కర్ర పైకి లేచింది. ఆ కుర్రాడు ఎందుకో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఊళ్లో పెద్దవాళ్లు గుసగుసలాడుకున్నారు. ముసలమ్మ వెళ్లి ఆ ఖాళీ జాగా దగ్గర కూర్చుని తన భాషలో ఏదో మాట్లాడింది. తరవాత గుంట తవ్వారు. పడుకోబెట్టబోతే ముసలమ్మ ఒప్పుకోలేదు. "ఎన్నేండ్లు నిలబడ్డదో పాపం. కూసోనియ్యిండ్రి." కూర్చోబెట్టి, చుట్టూ కొంచెం కొంచెంగా మట్టి పోస్తూ వచ్చారు. తీగలు తీసెయ్యమంది, కట్లతో పంపకూడదట. నేను గుంట అంచున బోర్లా పడుకుని, కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో తీగా కోశాను. భుజం దగ్గర, మోచెయ్యి దగ్గర, మెడ దగ్గర. తీగ తెగినప్పుడల్లా ఎముక కొంచెం జరిగేది, మట్టి దాన్ని పట్టుకునేది. మేడమ్ పక్కనే నిలబడి, నెమ్మదే, నెమ్మది అంటున్నట్టే ఉంది.

రాయి నిలబెట్టారు. ముసలమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని ఇప్ప పువ్వు చల్లింది. అందరూ కదిలారు. నేను ముసలమ్మ పక్కనే ఉన్నాను. కొండ లేదు, బ్లాస్టింగ్ లేదు, ఆకు కూడా కదలడం లేదు.

టక్.

నేను గిర్రున రాయి వైపు తిరిగాను.

"గా సప్పుడు నాదే బిడ్డా," అంది ముసలమ్మ, నా భుజం పట్టుకుని లేస్తూ, మోకాలు రుద్దుకుంటూ.